ఆరు మైకుల చెవిపెట్టె: చక్రాల హోరు ఏ మూల నుంచో పట్టిస్తుందా?

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి షెడ్లకు వచ్చే కార్లలో హోరు ఫిర్యాదు లేని వారం ఉండదు. బండి యాభై దాటగానే కింద నుంచి గుయ్‌మని మొదలై, స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది. దానికి అందరూ చేసే మొదటి వైద్యం ముందు హబ్ బేరింగు, అంటే చక్రం సాఫీగా తిరిగేలా హబ్బును మోసే గుండ్ల రింగు, మార్చడం. ఆ బేరింగు ఊళ్లో దొరక్కపోతే విశాఖ నుంచి బస్సు పార్సిల్లో రావాలి. నకుల్ (హబ్బునూ బేరింగునూ పట్టి ఉంచే ఇనుప ముక్క) విప్పి, బేరింగును ఒత్తి దించే ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు మోసుకెళ్లాలి. ఇంతా చేశాక హోరు అలాగే ఉంటే బండివాడి డబ్బూ షెడ్డువాడి మాటా రెండూ పోతాయి. హైదరాబాదులో అయితే అదే సాయంత్రం ఇంకో బేరింగు తెచ్చి వేస్తారు. ఇక్కడ అది రెండు రోజుల పని. అందుకే ఏ చక్రమో ముందే తేల్చే పరికరానికి ఈ ఒడిశా–ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో విలువ ఎక్కువ.

మేం చూస్తున్నది ఆరు మైకులున్న వైర్ల రకం చెవిపెట్టె. అమెరికాలో స్టీల్‌మ్యాన్ కంపెనీ ఛాసిస్ ఇయర్ పేరుతో అమ్మే పరికరం ఈ కోవలో బాగా తెలిసినది. అదే పద్ధతిలో తయారైనవి మన దగ్గర ఆన్‌లైన్లో వేరే వేరే పేర్లతో దొరుకుతున్నాయి. ఒక చిన్న పెట్టె, దాని మీద ఏ మైకు వినాలో ఎంచుకునే స్విచ్చి, సౌండు తిప్పే బటను, హెడ్‌ఫోన్లు, పొడవాటి వైర్ల చివర ఆరు మొసలి క్లిప్పులు. ప్రతి క్లిప్పుకూ ఒక మైకు అతికి ఉంటుంది. క్లిప్పును ఇనుముకు పట్టిస్తే ఆ ఇనుములోంచి వచ్చే అదురు హెడ్‌ఫోన్లో చప్పుడుగా వినిపిస్తుంది. బండి రోడ్డు మీద నడుస్తుండగానే ఒక్కో చక్రాన్నీ విడివిడిగా వినొచ్చు. దీని గొప్పంతా అక్కడే ఉంది.

మా అభిప్రాయం ముందే చెప్తాం. వారానికి రెండు మూడు హోరు బండ్లు వచ్చే షెడ్డుకు ఇది కొనదగ్గ పనిముట్టు. ఒక్క కారున్న ఇంటికి అక్కర్లేదు. కొన్ని వందల్లో దొరికే మెకానిక్ స్టెతస్కోపు, ఒక మంచి జాకీ, రెండు స్టాండ్లు చాలు. పైగా కింద చెప్పే పరీక్షలు చెయ్యకుండా నేరుగా క్లిప్పులు తగిలిస్తే, ఎంత ఖరీదు పెట్టె అయినా తప్పుదారి పట్టిస్తుంది.

పెట్టె తెరవకముందు

హోరు ఇంజను స్పీడుతో మారుతోందా, బండి స్పీడుతో మారుతోందా? సమంగా ఉన్న ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతూ క్లచ్చి నొక్కి గేరు న్యూట్రల్‌కు తెస్తే ఇంజను ఐడిలింగుకు పడిపోతుంది. హోరు అలాగే ఉంటే అది చక్రాల వైపుది. ఇంజనుతోపాటు తగ్గిపోతే చక్రాలను వదిలేసి ఇంజను మౌంటింగులూ సైలెన్సరు బ్రాకెట్లూ చూడాలి. ఈ పరీక్ష ఘాటీలో మాత్రం చెయ్యకూడదు. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే 26వ నంబరు హైవే దిగుడులో న్యూట్రల్ వేస్తే ఇంజను బ్రేకింగు పోతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. సమతలమే కావాలి. బరంపురం వైపువాళ్లకు 16వ నంబరు నాలుగు లైన్ల రోడ్డు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

తర్వాత టైర్లు. హోరు బండ్లలో చాలావాటికి అసలు దొంగ టైరే. అరచేతిని టైరు అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో, అంటే చక్రాలు ముందుకు చూసే కోణం, తప్పిందన్నమాట. టైరు చుట్టూ చెయ్యి తిప్పితే ఎత్తుపల్లాలు తగులుతుంటే, అంటే ఒక గుంట, ఒక గుట్ట వరసగా ఉంటే, షాకబ్జర్ బలం పోయి చక్రం రోడ్డు మీద ఎగురుతోందని గుర్తు. బ్యాలెన్సింగు పోయినా, చక్రాన్ని కింద పట్టే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్షు చిరిగినా ఇదే అరుగుదల వస్తుంది. అలాంటి టైరు చేసే చప్పుడు బేరింగు చప్పుడికి అచ్చు నకలు. గొంతు ఒకటే, స్పీడుతో పెరిగే తీరూ ఒకటే.

రెండింటినీ విడదీసే దారి రోడ్డే చూపిస్తుంది. టైరు హోరు రోడ్డును బట్టి మారుతుంది. సిమెంటు రోడ్డు మీద ఒక గొంతు, కొత్తగా తారు వేసిన నున్నటి ముక్క మీదికి రాగానే ఇంకో గొంతు, కొన్నిసార్లు దాదాపు మాయం. బేరింగు హోరుకు రోడ్డుతో పని లేదు. రెండో దారి గాలి. అనుమానమున్న టైర్లలో కంపెనీ చెప్పిన దానికన్నా ఆరేడు పీఎస్ఐ ఎక్కువ పట్టించి, టైరు పక్కన రాసిన గరిష్ఠ హద్దు దాటకుండా, అదే రోడ్డు మీద ఒకసారి తిరిగితే టైరు హోరు గొంతు మారుతుంది, బేరింగుది మారదు. పరీక్ష కాగానే గాలి మామూలుకు తెచ్చెయ్యాలి. మూడోది ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం. హోరు టైరుతోపాటు చోటు మారితే దొరికిపోయినట్టే. దీనికి జాకీ, వీల్ పానా తప్ప ఖర్చేమీ లేదు. అయినా చాలా షెడ్లలో చివరికి చేసే పని ఇదే అవుతోంది. మొదట చెయ్యాలి.

టైరు పక్క గోడ మీద అండాకారపు గీతలో ఉన్న నాలుగంకెలూ చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైన టైరు. అరుగుదల తక్కువున్నా ముదిరిన రబ్బరు గట్టిపడి చప్పుడు చేస్తుంది.

టైరు కాదని తేలాక బండిని కొద్దిగా అటూ ఇటూ ఊపే పరీక్ష. ఖాళీగా, వెడల్పుగా ఉన్న రోడ్డు మీద యాభై దరిదాపుల్లో స్టీరింగును మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగు మీద అనుమానం. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది. దీన్ని అనుమానం వరకే ఉంచుకోవాలి, తీర్పు చెయ్యకూడదు. ఇప్పటి హబ్ బేరింగుల్లో గుండ్లు రెండు వరసలుంటాయి. పాడైనది లోపలి వరసైతే బరువు పడినప్పుడు కాకుండా బరువు తగ్గినప్పుడు అరిచే బేరింగులూ ఉంటాయి. ఈ ఒక్క పరీక్ష నమ్ముకుని ఎదురువైపు బేరింగు మార్చేవాళ్లు ఎక్కువ.

జాకీ మీద

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు గట్టిగా అడ్డం పెట్టి, జాకీ ఎత్తాక కింద స్టాండు పెట్టి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. టైరును పన్నెండు గంటల దగ్గర ఒక చెయ్యి, ఆరు గంటల దగ్గర ఒక చెయ్యి పట్టి ఊపండి. టక్కున ఆట (వదులు కదలిక) తగిలితే అది బేరింగూ కావచ్చు, బాల్ జాయింటూ కావచ్చు. తేల్చే చిట్కా: లోపల ఒకరు బ్రేకు పెడలు గట్టిగా తొక్కి ఉంచితే, మళ్లీ ఊపండి. ఆట పోతే బేరింగు. ఆట అలాగే ఉంటే బాల్ జాయింటో ఆర్మ్ బుష్షో. బ్రేకు పట్టినప్పుడు హబ్బు, నకుల్ ఒకటిగా బిగుసుకుంటాయి, అందుకే బేరింగు ఆట దాగిపోతుంది. మూడు–తొమ్మిది గంటల దగ్గర మాత్రమే ఆడితే ముందు స్టీరింగు టై రాడ్డు చివరి జాయింటు చూడండి.

ఆట లేనంత మాత్రాన బేరింగు బాగున్నట్టు కాదు. హోరు మొదలై చాలా వేల కిలోమీటర్లు నడిచాక గానీ ఆట రాదు. కాబట్టి చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పుతూ రెండో చేతి వేళ్లను కాయిల్ స్ప్రింగు మీద ఆనించండి. మంచి బేరింగైతే స్ప్రింగులో ఏమీ తెలియదు. గుండ్ల దారి గుంటలు పడినదైతే వేళ్లకు సన్నటి గరగర తగులుతుంది. చెవికి అందని దశలోనే ఇది తెలిసిపోతుంది. స్టెతస్కోపు ఉంటే దాని పుల్లను నకుల్ మీద, బేరింగుకు దగ్గరగా ఆనించి వినాలి. బ్రేకు ప్యాడు రాసుకునే చప్పుడు అడ్డొస్తే ప్యాడ్లను పట్టే క్యాలిపర్ విప్పి తీగతో పైకి కట్టండి. హోసు మీద వేలాడదియ్యకండి.

ముందు చక్రాలకు లాగే బండిలో స్టాండ్ల మీద ఇంజనుతో తిప్పి వినేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒక్క చక్రమే గాల్లో ఉండి రెండోది నేల మీద ఆగి ఉంటే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిరుగుడు పంచే గేర్ల అమరిక) వల్ల గాల్లో చక్రం మీటరు చూపే స్పీడుకు రెట్టింపు తిరుగుతుంది. మీటరులో నలభై అంటే అక్కడ ఎనభై. పైగా సస్పెన్షను కిందికి వేలాడితే యాక్సిల్ జాయింటు కోణం పెరిగి, బేరింగుకు సంబంధం లేని టకటకలు మొదలవుతాయి. లోయర్ ఆర్మ్ కింద స్టాండు పెట్టి మామూలు ఎత్తుకు తేవాలి. పక్కన ఎవరూ నిలబడకూడదు.

ఇక పెట్టె

ఇంత చేశాక కూడా ఏ చక్రమో తేలని బండ్లు మిగులుతాయి. వెనక చక్రం హోరు బాడీ గుండా పాకి డ్రైవరు చెవికి ముందు నుంచి వచ్చినట్టు వినిపించడం మామూలే. డిక్కీ, క్యాబిను ఒకటే అయిన చిన్న కార్లలో ఇది మరీ ఎక్కువ. గాల్లో చేత్తో తిప్పినప్పుడు బండి బరువు బేరింగు మీద ఉండదు కాబట్టి బరువు పడితేనే అరిచే బేరింగు అక్కడ దొరకదు. ఇలాంటి బండ్లలో ఈ పెట్టె తన విలువ చూపిస్తుంది.

క్లిప్పులు తగిలించే చోటే సగం పని. నాలుగు చక్రాలకూ ఒకే రకం చోటు ఎంచాలి. ముందు రెండింటికీ క్యాలిపర్ బ్రాకెట్టు బోల్టు దగ్గర నకుల్ అంచు, వెనక రెండింటికీ బ్రేకు ప్లేటు బోల్టు దగ్గర యాక్సిల్ చివర. ఎడమ వైపు నకుల్‌కు, కుడి వైపు లోయర్ ఆర్మ్‌కు పట్టించి రెండూ పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు. మధ్యలో బుష్షు రబ్బరు చప్పుడు మింగేస్తుంది. మిగిలిన రెండు క్లిప్పుల్లో ఒకటి గేరుబాక్సుకు, ఒకటి వెనక డిఫరెన్షియల్ ఉండే హౌసింగుకో, గేరుబాక్సు నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు సెంటర్ బేరింగు బ్రాకెట్టుకో. ముందు చక్రాలకు లాగే బండైతే ఆ చివరిదాన్ని స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన కాలు) పై మౌంటు నట్టుకు పెట్టుకోవచ్చు.

పట్టించే చోట ఇనుము కనపడేదాకా వైరు బ్రష్షుతో రుద్దాలి. మన వైపు ఎర్రమట్టి ఆరితే సిమెంటులా అంటుకుని ఉంటుంది. దాని మీద క్లిప్పు పెడితే చప్పుడు సగమే అందుతుంది. మైకు వైరును బ్రేకు హోసుకూ ఏబీఎస్ వైరుకూ ఎట్టి పరిస్థితిలోనూ కట్టకూడదు. యాక్సిల్ బూటుకూ, తిరిగే షాఫ్టుకూ, సైలెన్సరుకూ దూరంగా పోనివ్వాలి. జానెడు జానెడుకో ప్లాస్టిక్ టై వేసి, చక్రం కిందికి వేలాడినా స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిరిగినా వైరు లాగకుండా వదులు ఉంచాలి. బండి కిందికి దించాక స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఇంకొకరు వంగి చూసి, ఆ తర్వాతే బయలుదేరాలి. ఈ పని తొందరగా చేస్తే వైరు టైరుకు చుట్టుకుని మైకు తెగిపోతుంది. ఈ పెట్టెల్లో ఎక్కువగా పాడయ్యేది ఇదే.

కదలకముందు ఇంకో రెండు నిమిషాలు. ప్రతి క్లిప్పు పక్కనా పానాతో ఒకే బలంతో తట్టించి, ఆరు ఛానళ్లూ ఒకే మోత ఇస్తున్నాయో లేదో వినాలి. చవక రకాల్లో మైకులన్నీ ఒకే సున్నితంతో ఉండవు. ఒకటి బొంగురుగా ఉంటే ఆ సంగతి కాగితం మీద రాసుకోవాలి. కొన్ని పెట్టెలు చిన్న చప్పుణ్ని తమంతట తామే పెంచి, పెద్దదాన్ని తగ్గిస్తాయి. అలాంటివి పోలికకు పనికిరావు. కొనేముందు దీన్ని తెలుసుకునే దారి: మైకును మెల్లగా, తర్వాత గట్టిగా తట్టండి. రెండూ ఒకేలా వినిపిస్తే ఆ పెట్టె వద్దు.

హెడ్‌ఫోన్లు పెట్టుకునేది పక్క సీట్లో మనిషి. డ్రైవరు కాదు. ఇది తప్పనిసరి. సౌండు ఒకసారి పెట్టాక ఆ పరుగంతా దాన్ని తాకకూడదు. ఛానలు మార్చినప్పుడల్లా సౌండు సవరిస్తూ పోతే ఏది ఎక్కువ అరుస్తోందో చెప్పే దారే ఉండదు. నలభై, అరవై దగ్గర ఒకే స్పీడులో నిలిపి, ఒక్కో ఛానలు పది సెకన్లు. తర్వాత మెల్లటి ఎడమ మలుపు, కుడి మలుపు. డెబ్బై దాటితే గాలి మోత మైకుల్లో నిండిపోయి తేడాలు చెరిగిపోతాయి, ఈ వైర్ల రకానికి ఆ లోపం ఉంది.

మంచి బేరింగు సన్నగా, సమంగా జోరుమంటుంది. పాడైనది ఇసక నలిగినట్టు గరగరలాడుతూ, చక్రం తిరుగుడుతోపాటు హెచ్చుతగ్గులవుతూ వినిపిస్తుంది. మిగతా మూడింటికన్నా ఒకటి స్పష్టంగా బిగ్గరగా ఉంటే అక్కడితో ఆగిపోకండి. ఆ మైకును ఎదురు చక్రానికి, ఎదురుదాన్ని ఇక్కడికి మార్చి మళ్లీ ఒక చుట్టు తిరగండి. మోత మైకుతోపాటు వెళ్లిపోతే తప్పు మైకుది. చక్రం దగ్గరే ఉంటే తప్పు బేరింగుది. పది నిమిషాల ఈ పనికి ఒక హబ్బు ఖర్చు ఆగిపోతుంది. మాకు ఈ పెట్టెలో బాగా నచ్చినది ఈ పోలిక చేసుకునే వీలే.

టైరు హోరు విషయంలో మాత్రం పెట్టె బలహీనం. గుంటలు పడిన టైరు అదురు కూడా హబ్బు గుండా నకుల్‌లోకి వస్తుంది. మైకు దాన్నీ వినిపిస్తుంది, ఇది టైరు, ఇది బేరింగు అని విడదీసి చెప్పదు. అందుకే టైర్లను ముందే తేల్చుకోవాలని అన్నది.

వెనక చక్రాలకు లాగే బండ్లలో

ఘాటీ రోడ్లలో తిరిగే జీపులు, పికప్పులు, టాటా ఏస్ లాంటి బండ్లలో ఈ పెట్టె ఇంకా బాగా పనికొస్తుంది. వెనక యాక్సిల్ గొట్టం ఒక చివరి చప్పుణ్ని ఇంకో చివరికి మోసుకుపోతుంది, ఉత్త చెవితో తేల్చడం అసాధ్యం. గొట్టం రెండు చివర్లకూ, నడిమి హౌసింగుకూ మూడు క్లిప్పులు పెట్టండి. ఒక చివర బిగ్గరగా, నడుమ మధ్యస్థంగా, రెండో చివర పలచగా ఉంటే బిగ్గరగా ఉన్న చివర యాక్సిల్ బేరింగు. నడుమ బిగ్గరగా, రెండు చివర్లూ సమంగా తక్కువైతే హౌసింగులోనే తేడా.

హౌసింగులో ఏది అన్నదానికి యాక్సిలేటరు జవాబిస్తుంది. తొక్కినప్పుడు ఒక గొంతు, వదిలేస్తే ఇంకో గొంతు, మధ్యలో పట్టి ఉంచితే మాయం అయితే అది క్రౌన్ పినియన్ (షాఫ్టు తిరుగుడును యాక్సిల్‌కు మళ్లించే గేర్ల జత) పళ్ల అమరికలోని తేడా. తొక్కినా వదిలినా ఉంటూ, బండి స్పీడుకు తగ్గట్టు సన్నటి గొంతుతో అరిస్తే పినియన్ బేరింగు. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పినియన్ సుమారు నాలుగు చుట్లు తిరుగుతుంది, అందుకే దాని గొంతు చక్రం బేరింగు కన్నా సన్నం. బండి కదలగానే, గేరు మార్చగానే ఒక్క టంగుమనే దెబ్బ వస్తే హోరు వెతకడం మాని ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు జాయింట్లు చూడండి.

ఏది విప్పినా ముందు ఆయిలు చూడాలి. హౌసింగు ఆయిలు పాలలా తెల్లగా ఉంటే నీళ్లు దిగాయి. వాగు దాటినప్పుడు వేడి హౌసింగు ఒక్కసారి చల్లబడి లోపలి గాలి కుంచించుకుంటుంది, గాలి ఆడే బ్రీదరు రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల అంచుల నుంచి నీళ్లు లాక్కుంటుంది. చక్రం బేరింగులు వానాకాలం తర్వాత పోవడానికీ ఇదే కారణం. డ్రెయిన్ బిరడా అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటితే మామూలు అరుగుదల. ముక్కలు, పలుకులు దొరికితే హౌసింగు విప్పాల్సిందే. టేపర్ రోలర్ బేరింగులున్న పాత జీపు రకాల్లో మార్చకముందే కడిగి, రోలర్లూ కప్పులూ చూసి, గుంటలు లేకపోతే గ్రీజు పెట్టి బిగుతు సరిచెయ్యడం ఒక్కటే సరిపోవచ్చు. హబ్బును తిప్పుతూ బిగించి, కొద్దిగా వెనక్కి వదలాలి. పట్టేసినట్టు బిగిస్తే కొత్త బేరింగు కూడా కాలిపోతుంది.

హోరు కానివాటినీ హోరనే చెప్తారు

కొందరు తెచ్చే చప్పుడు అసలు హోరే కాదు. డిస్కు, దాని వెనక రేకు మధ్య గ్రావెల్ రాయి ఇరుక్కుంటే చెవులు కోసేలా కీచుమంటుంది. కాశీపూర్, లక్ష్మీపూర్ వైపు గని లారీల దారుల్లో తిరిగే కార్లకు ఇది రోజువారీ సంగతి. రేకును చేత్తో కొంచెం వంచితే రాయి రాలిపోతుంది. బ్రేకు మెల్లగా తాకగానే చప్పుడు మారితే క్యాలిపర్ పిన్నులు పట్టేశాయేమో చూడండి. నిలబడిన చోట స్టీరింగు తిప్పితే స్ప్రింగు టంగుమని తుళ్లడం స్ట్రట్ పై బేరింగు గుర్తు. గుంతల్లో కటకట లింక్ రాడ్డుది. పూర్తిగా తిప్పి కదిలితే వరసగా వచ్చే టకటక యాక్సిల్ బయటి జాయింటుది.

వేడి కొలిచే చిన్న ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. బ్రేకు ఎక్కువ వాడకుండా పది పదిహేను కిలోమీటర్లు సమతలంలో నడిపి, ఎడమ హబ్బు, కుడి హబ్బు కొలవండి. ఒకటి రెండో దానికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువుంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేస్తోంది. ఘాటీ దిగి వచ్చిన వెంటనే కొలిస్తే అన్నీ మండుతూనే ఉంటాయి, ఏదీ తేలదు.

ఫోనులో చప్పుడు గీతలు చూపే ఉచిత యాప్‌లున్నాయి కదా అని అడిగేవాళ్లకు: కొంతవరకు పనికొస్తాయి. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. అరవైలో అది సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగుతుంది. బ్యాలెన్సింగు తేడా అయితే అదురు ఆ ఎనిమిదిన్నర హెర్ట్జ్ దగ్గరే వస్తుంది. చక్రానికి నాలుగింతలు తిరిగే షాఫ్టైతే 34 దగ్గర. 13 గుండ్ల బేరింగు బయటి దారి దెబ్బతింటే చుట్ల సంఖ్యను గుండ్ల సంఖ్యతో గుణించి, అందులో నాలుగు పదోవంతులు తీసుకుంటే సుమారు 44. లోపలి దారైతే ఆరు పదోవంతులు, అంటే 66. లెక్క బాగానే ఉంటుంది గానీ ఫోను మైకు అంత లోతు గొంతుల్ని సరిగ్గా పట్టదు, పైగా ఏ చక్రమో చెప్పదు. షాఫ్టు తేడానా చక్రం తేడానా అన్నది విడదీసుకోవడానికి వాడుకోండి, అంతకు మించి వద్దు.

దొరికాక చెడగొట్టకుండా

చక్రం సరిగ్గా పట్టుకుని కూడా కొత్త బేరింగు వారంలోపే అరిచే బండ్లు తక్కువేమీ కాదు. కారణం దాదాపు ఎప్పుడూ ప్రెస్సు దగ్గరే. నకుల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బేరింగు బయటి రింగు మీదే పడాలి. హబ్బును బేరింగులోకి దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఉండాలి. ఇది తప్పి ఒత్తిడి గుండ్ల గుండా పోతే, గుండ్లు దారి మీద కంటికి కనపడని సొట్టలు వేస్తాయి. ఆ సొట్టలే తర్వాత హోరు. సుత్తితో కొట్టి దించినా అంతే. లేత్ షాపులో పక్కనే నిలబడి, సరైన సైజు గొట్టపు ముక్కలు వాడుతున్నారో లేదో చూసుకోవాలి. సిగ్గుపడాల్సిన పని కాదు.

ఏబీఎస్ ఉన్న బండిలో బేరింగు ఒకవైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది సెన్సారు వైపే ఉండాలి. తిరగేసి దించితే మీటరులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పితే ఆ బేరింగు పనికిరాదు. బేరింగు జారకుండా పట్టే సర్క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో తిప్పి చూడాలి. యాక్సిల్ నట్టు కొత్తది వెయ్యాలి, టార్కు పానాతోనే బిగించాలి. ఎంతన్నది ఆ మోడలు మాన్యువల్లోనే చూడాలి. గాలి గన్నుతో అందాజుగా బిగించి వదలకూడదు. ఆ నట్టు బిగించకుండా చక్రం మీద బండి బరువు దించితే బేరింగు లోపలి రింగులు విడి జరిగి అప్పుడే దెబ్బతింటాయి.

బేరింగు అసలుదో కాదో చూసుకోండి. ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ, జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ లాంటి పేర్ల డబ్బాల్లో నకిలీలు తిరుగుతుంటాయి. ఎస్‌కేఎఫ్‌కు ఆథెంటికేట్ అనే యాప్, ఎఫ్‌ఏజీ తయారుచేసే షెఫ్లర్‌కు ఆరిజిన్ చెక్ అనే యాప్ ఉన్నాయి. డబ్బా తెరవకముందే కోడు చూపించి నిర్ధారించుకోవచ్చు. గుంటలు పడిన టైర్లకు కారణం షాకబ్జర్ అయితే టైరు ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. అదే షాకబ్జర్ మీద కొత్త టైరు కొన్ని వేల కిలోమీటర్లలో మళ్లీ అలాగే అరుగుతుంది.

కొనేవాళ్లకు

వైర్లు లేని రకం కూడా వస్తోంది. క్లిప్పు దగ్గరే చిన్న ట్రాన్స్‌మిటరు ఉంటుంది, తగిలించడం చాలా తేలిక, వైరు చుట్టుకుంటుందన్న భయం లేదు. కానీ క్లిప్పుకు క్లిప్పుకు విడి బ్యాటరీ, ఒక గుంతలో జారి పడితే ఆ ముక్క ఖర్చు ఎక్కువ. మన రోడ్లకు, మన షెడ్లకు మేం వైర్ల రకాన్నే ఎంచుతాం. చీప్‌గా దొరుకుతుంది, తెగితే సోల్డరింగు తెలిసిన రేడియో మెకానిక్కు బాగుచేస్తాడు. వైరు పొడవు మాత్రం ముందే అడగండి. పొడవాటి జీపులో వెనక యాక్సిల్ నుంచి ముందు సీటు దాకా రావాలంటే నాలుగు మీటర్లకు తక్కువైతే చాలదు. క్లిప్పుల పళ్లు బలంగా పట్టేవిగా ఉండాలి, స్ప్రింగు వదులైనవి గతుకుల్లో ఊడిపోతాయి. విడి క్లిప్పులు, విడి మైకులు అమ్మేవాడి దగ్గరే తీసుకోండి. పరీక్ష కాగానే మైకులు పొడి గుడ్డతో తుడిచి విడివిడిగా చుట్టి పెట్టాలి. పెట్టెలోని బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి, లోపలే ఉంచి వానాకాలం దాటిస్తే అది కారి కాంటాక్టులు తినేస్తుంది.